పీహెచ్‌డీ అంటే ఫీజు కట్టే చదువు కాదు.. నెల నెలా డబ్బులిచ్చే చదువు! ఆ కబురు పగిడ్యాల దాకా చేరుతోందా?

విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడుతున్నామని, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు ఖర్చు చేస్తామని 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించింది. సరిగ్గా రెండ్రోజులకు ప్రధాని మోదీ శ్రీశైలం, కర్నూలు వచ్చి వెళ్లారు. ఆ వారమంతా ఏ ఛానల్ పెట్టినా ఏఐ, పెట్టుబడులు, ఉద్యోగాలు. ఇదే మాట. డేటా సెంటర్‌కు మనం భూమి ఇస్తాం, నీళ్లిస్తాం, కరెంటిస్తాం. బాగానే ఉంది. మరి ఆ ఏఐని తయారు చేసేవాళ్లలో మన ఊళ్ల పిల్లలు ఎంతమంది ఉంటారు? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఎందుకంటే ఏఐని వాడటానికి బీటెక్ చాలు. కొత్తగా తయారు చేసే ల్యాబుల్లోకి వెళ్లాలంటే మాత్రం చాలా చోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. పీహెచ్‌డీ అనగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట తెలిసిందే కదా. "ముప్పై ఏళ్లొచ్చే దాకా చదువుతూనే కూర్చుంటావా? ఫీజులు ఎవరు కడతారు?"

అసలు మెలిక ఇక్కడే ఉంది. కంప్యూటర్ సైన్స్, ఏఐలో ఫుల్ టైమ్ పీహెచ్‌డీకి సరైన దారిలో వెళ్తే ఫీజుకు అప్పు చేయాల్సిన పనే లేదు. ఎదురు వాళ్లే నెల నెలా డబ్బులిస్తారు. చదువు అనే కంటే జీతమున్న పని అనడమే కరెక్ట్.

పగిడ్యాల నుంచి చూస్తే..

నంద్యాల జిల్లా పగిడ్యాల మండలం. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసే ముచ్చుమర్రి స్కీమ్ ఉన్నది ఈ మండలంలోనే. ఇక్కడి పిల్లల చదువు దారి దాదాపు ఒకేలా ఉంటుంది. టెన్త్ ఊళ్లోనో పక్క ఊళ్లోనో, ఇంటర్ నందికొట్కూరులోనో కర్నూలులోనో, తర్వాత నంద్యాల లేదా కర్నూలులో ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్. సీఎస్ఈ దొరికితే సంతోషం. ఈ మధ్య సీఎస్ఈ పక్కన బ్రాకెట్లో ఏఐ అని ఉంటే ఇంకా సంతోషం.

బీటెక్ అయ్యాక కనిపించే దారులు రెండే. ఒకటి హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండి, కోర్సు నేర్చుకుని ఉద్యోగం వెతుక్కోవడం. రెండోది కన్సల్టెన్సీకి వెళ్లి అమెరికా ఎమ్మెస్. ముప్పై, నలభై లక్షల లోను, దానికి పొలం కాగితాలు. మూడో దారి ఉందని కన్సల్టెన్సీ చెప్పదు. దాని మీద వాళ్లకు కమిషన్ రాదు మరి.

ఆ మూడో దారి మొదలయ్యే చోటు పగిడ్యాలకు దగ్గర్లోనే ఉంది. కర్నూలు శివార్లలో జగన్నాథగట్టు మీద 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీడీఎం. పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్య హోదా ఉన్న సంస్థ. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ ఉంది. నందికొట్కూరు బస్టాండులో కర్నూలు బస్సెక్కే పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

లెక్క చూద్దాం

2023 జనవరి 1 నుంచి కేంద్రం రీసెర్చ్ ఫెలోషిప్‌లు పెంచింది. అంతకుముందు 31,000 ఉన్న జేఆర్‌ఎఫ్ 37,000 అయింది. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు 42,000. హాస్టల్ ఇవ్వని చోట ఇంటి అద్దె భత్యం అదనం. ఐఐటీలు, ఎన్ఐటీలు, కేంద్ర ట్రిపుల్ ఐటీల్లో విద్యాశాఖ ఇచ్చే స్టైపెండ్ కూడా ఇదే స్థాయిలో ఉంది. ఐదేళ్లకు కూడితే సరిగ్గా 24 లక్షలు.

ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్, అంటే పీఎంఆర్‌ఎఫ్ సంగతి వేరే లెవెల్. మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడు 75,000, నాలుగు, ఐదు ఏళ్లు 80,000. మొత్తం 45 లక్షలు. దీనిపైన కాన్ఫరెన్సులకు, పరికరాలకు ఏటా 2 లక్షల గ్రాంటు. 2025 కేంద్ర బడ్జెట్‌లో వచ్చే ఐదేళ్లలో ఈ స్కీమ్ కింద 10,000 ఫెలోషిప్‌లు ఇస్తామన్నారు. ఐఐటీల బయట చదివినవారికి అడిగే గేట్ స్కోరును 2020లో 750 నుంచి 650కి తగ్గించారు కూడా. అయితే దీని రూల్స్ విడతకోసారి మారుతున్నాయి. పాత యూట్యూబ్ వీడియో చూసి అప్లై చేస్తే దెబ్బతింటారు, తాజా నోటిఫికేషన్ చూడాల్సిందే.

ఇవి కాక ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఇచ్చే విశ్వేశ్వరయ్య పీహెచ్‌డీ స్కీమ్ ఉంది. రెండో దశలో నెలకు 38,750 నుంచి 43,750. 2024 మార్చిలో కేబినెట్ ఓకే చేసిన 10,372 కోట్ల ఇండియా ఏఐ మిషన్‌లో 500 మంది పీహెచ్‌డీ స్కాలర్లకు ఫెలోషిప్‌లు పెట్టారు. ఎస్సీలకు ఏటా 2,000, ఎస్టీలకు 750, ఓబీసీలకు 1,000 నేషనల్ ఫెలోషిప్‌లు వేరుగా ఉన్నాయి. మైనారిటీలకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022-23 నుంచి ఆపేశారు. ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న నంద్యాల, ఆత్మకూరు లాంటి చోట్ల ఇది చిన్న విషయమేమీ కాదు. ఇతర స్కీముల్లో సర్దుకుంటారని కేంద్రం చెప్పింది. ఓబీసీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు అటు పోటీ పడొచ్చు, లేనివాళ్లకు మిగిలేది జనరల్ పోటీయే.

నెలకు 37,000 అంటే సాఫ్ట్‌వేర్ జీతం కంటే తక్కువే కదా అనొచ్చు. నిజమే, పెద్ద కంపెనీల ప్యాకేజీతో పోలిస్తే తక్కువే. కానీ మన దగ్గర కాలేజీల నుంచి క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో చాలామందికి వచ్చే మొదటి జీతంతో పోల్చి చూడండి. ఆ తేడా పెద్దగా ఉండదు. కొన్నిసార్లు స్టైపెండే ఎక్కువ.

సీటు వేరు, డబ్బు వేరు

చాలామంది మోసపోయేది, కాదు, పొరపాటు పడేది ఇక్కడే. పీహెచ్‌డీలో సీటు రావడం ఒకటి, ఫెలోషిప్ రావడం ఇంకొకటి.

యూజీసీ నెట్ సంగతే తీసుకోండి. 2024 జూన్ నుంచి దీని ఫలితాలు మూడు రకాలుగా ఇస్తున్నారు. మొదటి రకంలో జేఆర్‌ఎఫ్ వస్తుంది, అంటే డబ్బులు. రెండో రకంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, దాంతోపాటు పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత. మూడో రకం ఉత్త పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. ఈ రెండు, మూడు రకాల వారికి ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొచ్చేది ఒక్క ఏడాదే. నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఇంట్లో "నెట్ పాసయ్యాడు" అని స్వీట్లు పంచుతారు, ఏ రకంలో పాసయ్యాడో ఎవరూ అడగరు.

ఏపీ ఆర్‌సెట్‌తో రాష్ట్ర వర్సిటీల్లో సీటు దొరుకుతుంది. నెల నెలా డబ్బు మాత్రం దానంతట అది రాదు. కేంద్ర వర్సిటీల్లో నెట్ లేకుండా చేరిన స్కాలర్‌కు యూజీసీ ఇచ్చేది నెలకు 8,000 రూపాయలు. హైదరాబాద్‌లో ఆ డబ్బుతో గది అద్దె కడితే భోజనానికి వెతుక్కోవాలి. ఇక ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెబుతూ పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేసే మన లెక్చరర్లు చాలామంది సొంత జీతంలోంచే ఫీజులు, పేపర్ల ఖర్చు పెట్టుకుంటారు. పిల్లలు రోజూ చూసే పీహెచ్‌డీ అదే. అందుకే పీహెచ్‌డీ అంటే ఖర్చు అని మనసులో పడిపోయింది.

విదేశాలకు పంపే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో కూడా ఇదే కథ. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎస్సీలు తదితర వర్గాలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2025 జూలైలో 106 మందిని ఎంపిక చేశారు. లెటర్లు మొదట వచ్చింది 40 మందికే. మిగతా 66 మందికి నిధులను బట్టి అన్నారు. ఎంపికై కూడా గాల్లో వేలాడటం అంటే ఏంటో ఆ పిల్లలను అడగాలి.

పరీక్షల మీద నమ్మకం సంగతి సరే సరి. 2024 జూన్ 18న 9 లక్షల మందికి పైగా యూజీసీ నెట్ రాస్తే, మర్నాడే రద్దు చేశారు. మళ్లీ ఆగస్టులో పెట్టారు. వరి కోతలకో మిర్చి కోతలకో ఇంట్లో సాయం ఆపి చదువుకున్నవాడికి ఆ రెండు నెలలు ఎవరిస్తారు?

సివిల్ ఇంజనీర్ నుంచి ట్యూరింగ్ అవార్డు దాకా

రాయలసీమ పల్లె నుంచి ఇదంతా అయ్యే పనేనా అనేవారికి ఒక పేరు గుర్తు చేయాలి. దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి రాజ్ రెడ్డి. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి వ్యక్తి ఆయనే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో చేసింది కంప్యూటర్ కోర్సు కాదు, సివిల్ ఇంజనీరింగ్. తర్వాత ఆస్ట్రేలియాలో మాస్టర్స్, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం. మంచి ఉద్యోగం వదులుకుని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వెళ్లారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అనే పేరు పెట్టిన జాన్ మెకార్తీయే ఆయన గైడ్. 1966లో పీహెచ్‌డీ. మనిషి మాటను కంప్యూటర్ అర్థం చేసుకునేలా చేయడం ఆయన పని. ఇప్పుడు మనం ఫోన్‌తో తెలుగులో మాట్లాడుతున్నామంటే ఆ దారిలో మొదటి అడుగులు వేసినవాళ్లలో ఆయన ఒకరు. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో అంతకు మించిన అవార్డు లేదు.

ఈ కథలో నాకు ముఖ్యంగా అనిపించేది అవార్డు కాదు. సివిల్ చదివిన మనిషి కంప్యూటర్ దగ్గరికి ఎలా వచ్చాడు? ఆస్ట్రేలియాలో కంప్యూటర్ ఆయన కంటపడింది. అంతే. తెలివి కాటూరులోనే ఉంది, కంటపడటం దగ్గరే అదృష్టం కావాల్సి వచ్చింది. బహుశా ఆ సంగతి తెలిసే 2008లో పల్లెటూరి పిల్లల కోసం ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఆయన వెనకుండి నడిపించారు. టెన్త్ మార్కులతో పగిడ్యాల పిల్లలు కడప జిల్లా ఇడుపులపాయకు వెళ్తున్నారంటే ఆ ఆలోచన నుంచి వచ్చిందే.

తేడా ఎక్కడ వస్తోంది?

నా అంచనాలో స్టైపెండ్ తక్కువ కావడం అసలు సమస్య కాదు. బీటెక్ రెండో ఏడాదికి, పీహెచ్‌డీ అప్లికేషన్‌కు మధ్య ఒక వంతెన కావాలి. అది లేదు.

ఐఐటీలోనో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనో చదివే కుర్రాడికి పక్క గదిలోనే రీసెర్చ్ చేసే ప్రొఫెసర్ ఉంటారు. రెండో ఏడాదిలోనే వెళ్లి "సార్, మీ ల్యాబులో పని చేస్తా" అంటాడు. నాలుగో ఏడాదికి చేతిలో ఒక పేపరు, ఆ ప్రొఫెసర్ రాసిన రికమెండేషన్ లెటర్ ఉంటాయి. మన వైపు కాలేజీల్లో చాలా చోట్ల ఫైనలియర్ ప్రాజెక్టు అంటే హైదరాబాద్ నుంచి రెడీమేడ్‌గా కొనుక్కొచ్చేదే. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ ప్రాజెక్టుతో ఇంటర్వ్యూకు వెళ్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. లెక్చరర్లు ఇచ్చే లెటర్లు కూడా అంతే. అరవై మందికి ఒకటే లెటర్, పేరు మాత్రం మారుతుంది.

దీన్ని దాటే దారి ఒకటుంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. వేసవిలో రెండు నెలలు పెద్ద సంస్థలో ప్రొఫెసర్ దగ్గర పని, స్టైపెండ్, ప్రయాణ ఖర్చులు. కొన్ని ఐఐటీలు కూడా వేసవి ఇంటర్న్‌షిప్‌లు ఇస్తున్నాయి. దరఖాస్తులు చాలావరకు చలికాలంలోనే మొదలవుతాయి. మే నెలలో గుర్తొస్తే లాభం లేదు.

ఇక టాపిక్ కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో తెలుగుతో పాటు భారతీయ భాషల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ ఉంది. కేంద్రం 2022లో భాషిణి మొదలుపెట్టింది. అయినా టీవీ యాంకర్ తెలుగు అర్థమైనంత బాగా కర్నూలు సీమ యాస ఈ మెషీన్లకు అర్థం కాదు. పొలం గట్టు మీది రైతు ఫోన్లో అడిగిన మాటను తప్పుగా రాసుకుంటాయి. ముచ్చుమర్రిలో పెరిగిన పిల్లకు ఆ తప్పు వినగానే తెలుస్తుంది. బెంగళూరులో కూర్చున్న ఇంజనీర్‌కు తెలియదు. దీన్ని ఒక రీసెర్చ్ ప్రశ్నగా రాయడం నేర్పే గైడ్ కావాలి, అంతే.

అమెరికా మాటేంటి?

అమెరికాలో మంచి వర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ అంటే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ, దానికి తోడు నెల నెలా స్టైపెండ్. బదులుగా క్లాసులకు అసిస్టెంట్‌గానో, ప్రొఫెసర్ ప్రాజెక్టులోనో పని చేయాలి. ఎమ్మెస్ అక్కర్లేదు, బీటెక్ నుంచి నేరుగా వెళ్లొచ్చు. అంటే ఎమ్మెస్‌కు అప్పు చేసి వెళ్లే వర్సిటీకే పీహెచ్‌డీకి డబ్బు తీసుకుంటూ వెళ్లొచ్చన్నమాట. కాకపోతే పోటీ చాలా ఎక్కువ. ఏఐలో అయితే చెప్పక్కర్లేదు.

2025లో పరిస్థితి ఇంకాస్త బిగిసింది. ఫెడరల్ నిధుల కోతతో పలు వర్సిటీలు పీహెచ్‌డీ ప్రవేశాలు తగ్గించాయి. స్టూడెంట్ వీసాపై ఉండే గడువును నాలుగేళ్లకు పరిమితం చేయాలని ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది కదా, మరి మధ్యలో పొడిగింపు రాకపోతే? సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు బాంబు పేలింది. అమెరికాలోనే చదువుకుని అక్కడే వీసా మార్చుకునేవారికి అది వర్తించదని అక్టోబర్ 20న క్లారిటీ ఇచ్చారు. కొంత ఊరటే, కానీ రేపు ఏం మారుతుందో చెప్పలేం.

ఇక్కడ నా మాట సూటిగా చెప్తా. ఈ అనిశ్చితిలో నలభై లక్షల అప్పుతో వెళ్లినవాడు ఇరుక్కుంటాడు. ఫండెడ్ పీహెచ్‌డీతో వెళ్లినవాడు తిరిగి రావాల్సి వచ్చినా పొలం కాగితాలు బ్యాంకులో ఉండవు. ఆ తేడా పగిడ్యాల లాంటి చోట చాలా పెద్దది.

అమెరికా ఒక్కటే కాదు. జర్మనీ, నెదర్లాండ్స్‌లో చాలా పీహెచ్‌డీ పోస్టులు ఉద్యోగ ఒప్పందంతోనే ఉంటాయి. అయితే అక్కడ ఎక్కువగా మాస్టర్స్ ఉండాలి. అబుదాబిలో 2019లో ఏఐ కోసమే పెట్టిన మహమ్మద్ బిన్ జాయెద్ వర్సిటీ స్కాలర్‌షిప్‌తోనే చేర్చుకుంటుంది. బ్రిటన్‌లో ఏఐ డాక్టోరల్ సెంటర్లు ఉన్నాయి, కానీ విదేశీయుల వాటా 30 శాతానికి మించనివ్వరు.

ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది?

గేట్ 2026 దరఖాస్తులు 2025 అక్టోబర్‌లోనే అయిపోయాయి. పరీక్ష 2026 ఫిబ్రవరిలో. 2025 డిసెంబర్ సెషన్ యూజీసీ నెట్ గడువు నవంబర్ 7తో ముగిసింది, పరీక్షలు 2025 డిసెంబర్ 31 నుంచి. అంటే అప్పుడు అప్లై చేయనివాళ్లకు 2026 జూన్ నెట్, ఆ తర్వాత గేట్ 2027. థర్డ్ ఇయర్‌లోనే గేట్ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఏఐ మీద ఆసక్తి ఉంటే 2024లో కొత్తగా పెట్టిన డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పీజీఈఈ పేరుతో సొంత పరీక్ష పెడుతుంది. బీటెక్‌లో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే నెట్ రాసి పీహెచ్‌డీకి వెళ్లొచ్చు, రిజర్వేషన్ ఉన్నవారికి ఇందులో 5 శాతం సడలింపు.

అమ్మాయిల ఇళ్లలో పెళ్లి మాట కచ్చితంగా వస్తుంది కాబట్టి ఇదీ చెప్పాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మహిళలకు పీహెచ్‌డీ పూర్తి చేయడానికి రెండేళ్లు అదనంగా ఇస్తారు, ప్రసూతి, శిశు సంరక్షణకు 240 రోజుల సెలవు ఉంది. జేఆర్‌ఎఫ్ వయసు పరిమితి 30 అయినా మహిళలకు ఐదేళ్ల సడలింపు.

అమెరికా వర్సిటీల దరఖాస్తు గడువులు వేరు. చాలా వాటికి గడువు డిసెంబర్ 15 దగ్గర్లో. ఒక్కో అప్లికేషన్‌కు 100 డాలర్ల దాకా అవుతుంది, పదింటికి పెడితే లక్ష రూపాయలకు దగ్గర. ఫీజు మాఫీ కోరే అవకాశం చాలా చోట్ల ఉంటుంది, అడిగితేనే ఇస్తారు. చాలా కంప్యూటర్ సైన్స్ విభాగాలు జీఆర్ఈ కూడా అడగడం లేదు.

ఇంటి నుంచే ఆన్‌లైన్లో ఏఐ పీహెచ్‌డీ ఇప్పిస్తామని ఫోన్ వస్తే పెట్టేయండి. ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి విదేశీ వర్సిటీలిచ్చే అలాంటి ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబర్‌లోనే హెచ్చరించాయి.

ఇక చేతికి అడ్మిషన్ లెటర్ వస్తే తొందరపడి బ్యానర్లు కట్టొద్దు. అందులో నాలుగు విషయాలు ఉన్నాయా చూడాలి. నెలకు ఎంత, ఎన్నేళ్లు, ట్యూషన్ ఎవరు కడతారు, గైడ్ ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. లేకపోతే వర్సిటీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగొచ్చు, అందులో తప్పేం లేదు. అమెరికాలో అయితే చాలా వర్సిటీలు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోవడానికి టైమిస్తాయి.